పురుగుల కలెక్టరు

కలెక్టరుగారు ఎద్దులబండిలో, ఒళ్ళో పుచ్చిపోయిన కట్టెముక్క పెట్టుకుని వస్తారని దిగువపాలెంలో ఎవరూ అనుకోలేదు. గుర్రం మీద వస్తారని కొందరన్నారు, మోటారులో వస్తారని కొందరన్నారు. తీరా వచ్చినాయనకు పాతికేళ్ళు కూడా నిండినట్టు లేవు. టోపీ తడిసి ముద్దయింది. బూట్ల నిండా బురద. బండి దిగుతూనే ఆ కట్టెముక్కను పసిబిడ్డను దించినట్టు పదిలంగా దించుకున్నాడు.

అయినా సరే, దండ దండే. బంతిపూల దండ మెడలో పడింది. చేతిలో నిమ్మకాయ పడింది. ఆయన నోరు తెరిచేలోగా ఊరి ఆడవాళ్ళందరి తరఫున జీవరత్నం ముందుకొచ్చి, నమస్కారం పెట్టి, మొదలుపెట్టింది.

ఈ పిల్ల మార్కాపురం మిషను బోర్డింగులో ఎనిమిదో క్లాసు దాకా చదివింది. అక్కడి టీచరమ్మలు అన్నీ నేర్పించారు గానీ, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగడం మాత్రం నేర్పించలేకపోయారు.

నల్లమల అంచునే మా ఊరు, రాలిన ఎండుకట్టె ఏరుకుని గిద్దలూరు బజారులో మోపులమ్ముకుంటేనే మా పొయ్యిలో పిల్లి లేస్తుంది, చెట్టును మేమెన్నడూ కొట్టలేదు, అలాంటిది కొత్త ఆర్డరని చెప్పి గార్డు మమ్మల్ని అడవి గట్టు కూడా ఎక్కనివ్వడం లేదు, రాలిన పుల్ల ముట్టినా కేసు పెడతానంటున్నాడు, తమరే మాకు దిక్కు. ఇదీ ఆమె చెప్పింది. నేను చెప్పినంత తొందరగా చెప్పలేదు, ఇంతకు పదింతలు చెప్పింది.

వచ్చినాయన దండలోంచి ఆమె మొహంలోకి చూస్తూ నిలబడిపోయాడు. చివరికి "చూస్తాను" అన్నాడు.

ఊరంతా హమ్మయ్య అనుకుంది. కలెక్టర్లు ఎప్పుడూ అనే మాట అదేనని అందరికీ తెలుసు.

ఇందులో తప్పెవరిదంటే సామ్యేలుదని చెప్పాలి. సామ్యేలు జీవరత్నం తండ్రి, గిద్దలూరు లైనులో గ్యాంగుమన్. ముందురోజు స్టేషను పక్కన కూర్చుని సద్ది తింటుంటే, అరవ స్టేషనుమాస్టరు తంతి విని, "ఇన్సెక్ట్ కలెక్టర్ మద్రాసు నుంచి వస్తున్నాడు, దిగువపాలెం దాకా బండి కట్టించాలి" అని ఎవరితోనో అనడం అతని చెవిన పడింది. సామ్యేలుకు ఇంగ్లీషులో రెండు మాటలు గట్టిగా తెలుసు. ఒకటి ఇన్‌స్పెక్షన్. అంటే ట్రాలీ మీద దొర రావడం, గ్యాంగంతా నిద్ర మానడం. రెండోది కలెక్టరు. సద్దిమూట అక్కడే వదిలేసి పరుగున ఇంటికొచ్చి, "అమ్మా, ఇన్‌స్పెక్టు చేసేదానికి కలెక్టరు వస్తున్నాడు, మన కట్టెల మాట చెప్పుకుందాం" అని తల్లి దానమ్మతో చెప్పాడు. దానమ్మ కట్టెలు ఏరే ఆడవాళ్ళకు పెద్ద. ఆమెకు చెబితే ఊరికి చెప్పినట్టే.

ఇంతకీ వచ్చినాయన పేరు సీమోను. ఊరు బాపట్ల. మద్రాసులో ఒక ముసలి దొర దగ్గర పని. ఆ దొరకు పెంకుపురుగులంటే పిచ్చి. వాటిల్లోనూ చివికిన కట్టెలో, బెరడు కింద బూజు తిని బతికే బుల్లి పెంకుపురుగుల కుటుంబం ఒకటుంది. ఆవగింజలో సగం కూడా ఉండవు. వాటి గురించి తెలిసినవాళ్ళే లోకంలో తక్కువ. దొర దగ్గర ఎప్పుడో నల్లమల నుంచి వచ్చిన పురుగు ఒక్కటుంది, దానికీ కాళ్ళు విరిగిపోయాయి. కాళ్ళున్న పురుగును చూసి బొమ్మ గీసి పుస్తకం ముగించాలని ఆయన కోరిక. పురుగు తెచ్చి ఇవ్వడం సీమోను ఉద్యోగం.

ఇన్సెక్ట్ కలెక్టర్ అంటే అదన్నమాట.

* * *

నిజం మర్నాడు పొద్దెక్కేదాకా కూడా దాగలేదు.

పొద్దున్నే కలెక్టరుగారికి సజ్జరొట్టె, చింతచిగురు పప్పు తీసుకుని జీవరత్నం ఆయన రాత్రి బస చేసిన బడికొట్టం దగ్గరకు పోయింది. ఆయన లేడు. వెతుక్కుంటూ వాగు దాకా పోతే, పడిపోయిన పాత చెట్టు పక్కన బోర్లా పడి ఉన్నాడు. కదలిక లేదు. జీవరత్నం రొట్టె అక్కడే పెట్టి, ఆయన రెండు కాళ్ళూ పట్టుకుని బలంగా వెనక్కి లాగింది.

"అయ్యో, పోయింది, పోయింది" అంటూ సీమోను లేచి కూర్చున్నాడు. చేతిలో భూతద్దం, గడ్డానికి మట్టి.

"ఏం పోయింది సార్?"

"పురుగు. బెరడు కిందికి పోయింది."

కలెక్టరుకు పురుగుతో ఏం పనని ఆమె అడిగింది. తనకు ఆ పని తప్ప ఇంకో పని లేదని అతను చెప్పాడు. ఆ తర్వాత మొత్తం చెప్పాడు. జీవరత్నం మొహంలో రంగు మారడం చూస్తూనే చెప్పాడు, ఒక్క ముక్క దాచలేదు.

"అయితే నిన్న ఎందుకు చెప్పలేదు?" అంది ఆమె.

"మీరు చెప్పనిచ్చారా?"

"నేను ఊపిరి తీసుకున్నప్పుడు చెప్పొచ్చు గదా."

"మీరు ఊపిరి తీసుకోలేదు."

అతనే మళ్ళీ తలవంచుకుని, "ఒకసారి తీసుకున్నారు" అన్నాడు. "అప్పుడు చెప్పాలనుకున్నాను. మీ మొహంలో ఆ ఆశ చూశాక నోరు రాలేదు."

"నోరు తెరవకుండా ఊరుకోవడం గూడా అబద్ధమే. మా బోర్డింగులో అట్లనే చెప్పినారు."

"బాపట్లలో కూడా అలాగే చెబుతారు" అని ఒప్పుకున్నాడు సీమోను.

ఆమె చెట్టు మీద కూలబడింది. ఊరందరి ముందూ తానే కదా మొర పెట్టుకుంది. రేపటి నుంచి మోపులు తెచ్చుకోవచ్చని పిల్లల తల్లులందరికీ రాత్రి ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చింది కూడా తనే. వాళ్ళకిప్పుడేం చెప్పాలి? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి అతనికి కనపడకూడదని రొట్టె మీది ఈగలు తోలడం మొదలుపెట్టింది.

సీమోనుకు అవి కనపడనే కనపడ్డాయి. అతని పని చిన్నవాటిని చూడటమే.

కాసేపటికి ఈగలు తోలడం ఆపి జీవరత్నం అడిగింది. "మిమ్మల్ని అడవిలోకి గార్డు ఎట్ల పోనిస్తాడు?"

"నాకు పర్మిషనుంది. పురుగులున్న కట్టె బయటికి తెచ్చి పరీక్ష చేసుకోవచ్చు."

"మీరొక్కరేనా?"

"కావలసినంతమంది కూలీలను పెట్టుకోవచ్చన్నారు. నేను ఒక్కడినే చాలు."

"చాలరు" అంది జీవరత్నం. ఆమె మొహంలో ఆశ మళ్ళీ వచ్చింది, దాని వెంట కొంచెం కొంటెతనం కూడా వచ్చింది. "మీకు చానామంది కావాల. కట్టెలో పురుగుందో లేదో తెచ్చి చూస్తే గదా తెలిసేది. చూసినాక పురుగు లేదనుకోండి, ఆ కట్టె మీకెందుకు?"

"నాకెందుకు?"

"అదే నేనూ అడుగుతున్నా."

సీమోనుకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక ఆ రొట్టె మొత్తం తినేశాడు.

* * *

గార్డు గురుస్వామి చెడ్డవాడు కాదు. పెద్ద మీసాలు, చిన్న గుండె. పై అధికారి దగ్గితే ఇతనికి జ్వరం వస్తుంది. మర్నాటి నుంచి తన కళ్ళముందు జరుగుతున్నదేమిటో అతనికి అంతు పట్టలేదు. ఆడవాళ్ళంతా అడవిలోకి పోతున్నారు. కట్టెలు తెస్తున్నారు. వాగు గట్టున చింతచెట్టు కింద మద్రాసు సారు కూర్చుని ఒక్కో కట్టెనూ భూతద్దంలో చూస్తున్నాడు.

"పురుగుందా సార్?" అని అడుగుతుంది జీవరత్నం.

"లేదు."

"అయితే ఇది పనికిరాదు. పిచ్చమ్మత్తా, తీసి పారెయ్యి."

పిచ్చమ్మత్త ఎంతో బాధపడుతూ ఆ కట్టెను తన మోపులో పారేస్తుంది. సాయంత్రానికి పనికిరానివన్నీ మోపులై గిద్దలూరు పోతాయి. చివికిపోయి, పొయ్యిలో పెడితే పొగ తప్ప మంట రానివి మాత్రం సారుకు మిగులుతాయి. ఎవరికి కావలసింది వాళ్ళకు చేరుతోంది. గురుస్వామి కాగితం అడిగి చూశాడు, కాగితం సరిగానే ఉంది. మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

సంగతి ఊరందరికీ తెలిశాక సామ్యేలు మాత్రం సిగ్గుపడి నాలుగు రోజులు గ్యాంగుతోనే ఉండిపోయాడు. ఊళ్ళో ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. కలెక్టరు కలెక్టరే కదా, కాకపోతే పురుగుల కలెక్టరు అని సర్దుకున్నారు. చిన్నా పెద్దా అందరూ అలాగే పిలిచేవారు. మొదట్లో సీమోనుకు చెవులు ఎర్రబడేవి, తర్వాత పలకడం అలవాటైంది.

చింతచెట్టు కింద ఆ ఇద్దరికీ మాటలు పెరిగాయి. ఆమె అతని బాపట్ల మాటను వెక్కిరించేది. వచ్చాడు ఏంది, వచ్చినాడు అనాల, సగం మాట మింగేస్తారు మీరు అనేది. మీరు సాగదీస్తారు, అందుకే మీ ప్రసంగాలు అంత పొడుగు అని అతననేవాడు. అతను కట్టెను వాసన చూస్తే ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. జీవరత్నం కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వేది.

ఒకరోజు అతను భూతద్దం ఆమె చేతికిచ్చాడు. బెరడు కింద ఏదో మట్టిరేణువు అనుకున్నది ఆమె కళ్ళముందు నడిచింది. రాగిచెంబు రంగు వీపు, దాని మీద సన్నటి గీతలు, ముందు రెండు మీసాలు. ఎన్నేళ్ళుగా ఇలాంటి కట్టెలు పొయ్యిలో పెట్టి ఊదింది తను.

"ఇంత చిన్నదాన్ని ఎవరు చూస్తారని ఇంత సోకు?" అంది.

"నేను చూస్తున్నా కదా" అన్నాడు సీమోను. అతను చూస్తున్నది పురుగును కాదు. ఆ సంగతి జీవరత్నానికి భూతద్దం లేకుండానే తెలిసింది. తెలిసి, ఇంకో పురుగు కోసం చాలాసేపు వెతికింది.

అది దొర అడిగిన పురుగు కాదు. దాని దూరపు చుట్టం. దొర అడిగినది ఇంకా దొరకలేదు.

ఇక వాన సంగతి చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు. ఒక మధ్యాహ్నం ఉరుము లేకుండా వాన దిగింది. సీమోను గొడుగు తెరిచాడు. తెరిచి, గాజుగొట్టాల పెట్టె మీద పట్టుకుని నిలబడ్డాడు. పక్కన జీవరత్నం నిలువునా తడుస్తోంది.

"నాకు పట్టరా?" అని అడిగింది.

"మీరు తడిస్తే ఆరతారు. ఇవి తడిస్తే పోతాయి."

మాట నిజమే. కానీ ఏ ఆడపిల్లతో అయినా అనవలసిన మాట కాదు. జీవరత్నం అతనితో మూడు రోజులు మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడమంటే ఏమిటో తెలుసు కాబట్టి ఊరంతా సీమోనును జాలిగా చూసింది. పిచ్చమ్మత్త అతన్ని పక్కకు పిలిచి, గొడుగన్నది ఎవరి మీద పట్టాలో నెమ్మదిగా చెప్పింది.

మళ్ళీ వాన వచ్చినప్పుడు సీమోను గొడుగు జీవరత్నం మీద పట్టాడు. మొత్తం ఆమె మీదే. పెట్టెలోకి నీళ్ళుపోయి వారం రోజుల పురుగులు తేలాయి. ఆమె పెట్టెకేసి చూసింది, అతనికేసి చూసింది.

"పెట్టెకు మూత లేదా సార్?" అంది.

"ఉంది" అన్నాడు అతను. "ఇప్పుడే గుర్తొచ్చింది."

ఆమె నవ్వాపుకోలేక గొడుగు అంచు పట్టుకుంది. ఆ రోజు మోపులన్నీ తడిసి, ఒక్కటీ అమ్ముడుపోలేదు. అయినా ఇద్దరూ సంతోషంగా ఇళ్ళకు పోయారు.

* * *

ఇలాంటివి ఎక్కువ రోజులు సాగవు. ఒకనాడు పొద్దెక్కాక రేంజరుగారు గుర్రం మీద నేరుగా చింతచెట్టు దగ్గరికే వచ్చారు. వెనక గురుస్వామి చెమటలు కక్కుతూ పరుగెత్తి వస్తున్నాడు.

రేంజరుగారు సన్నటి మనిషి. మాట కూడా సన్నటిదే. గుర్రం దిగి, పనికిరాని కట్టెల కుప్పలోంచి ఒకటి తీసి, గోటితో కొట్టి చూశారు. కంగుమంటున్న గట్టి చండ్రకట్టె.

"ఇందులో పురుగుంటుందని మీరు అనుకున్నారా?" అని సీమోనును అడిగారు.

ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. దానమ్మ మోపు మీద చెయ్యివేసి అలాగే ఉండిపోయింది. చూడందే తెలియదండీ, ఇది శాస్త్రం అని సీమోను ఒక్క మాట అంటే చాలు. రేంజరుగారికి పురుగుల సంగతి తెలియదు, కాగితం సరిగానే ఉంది. దొర పురుగు ఇంకా దొరకలేదు. పని పూర్తికాకుండా మద్రాసు పోతే ఆ ముసలాయనకు మొహం ఎలా చూపించాలి? సీమోను జీవరత్నంకేసి చూశాడు. ఆమె అతనికి ఏ సైగా చేయలేదు. ఊపిరి బిగబట్టి నిలబడింది.

"అనుకోలేదండి" అన్నాడు సీమోను. "అందులో పురుగుండదని నాకు ముందే తెలుసు. వీళ్ళ పొయ్యిల కోసం నా పర్మిషన్ వాడాను. తప్పు నాది. వీళ్ళు నా కూలీలు, నేను తెమ్మంటే తెచ్చారు. నన్ను పంపించేయండి. కానీ రాలిన కట్టె మాత్రం వీళ్ళను ఏరుకోనివ్వండి. చెట్టు మీద కత్తి పెట్టినవాళ్ళు వీళ్ళలో ఒక్కరూ లేరు."

"ఆయన ఒక్కడిది కాదు సార్, ఉపాయం నాది" అంది జీవరత్నం. ఆమె జీవితంలో అంత చిన్న ప్రసంగం అదే.

రేంజరుగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆయన మొహంలో. "రాలిన కట్టె ఏరుకోవద్దని వీళ్ళకు చెప్పిందెవరు?"

అందరూ గురుస్వామికేసి తిరిగారు.

"తమరే గదా సార్" అన్నాడు గురుస్వామి. "ఎండాకాలంలో క్యాంపుకు వచ్చినప్పుడు చెప్పినారు గదా. నో ఫాలెన్, నో ఫాలెన్ అని రెండుసార్లు చెప్పినారు."

రేంజరుగారు కళ్ళు మూసుకున్నారు. "ఫెల్లింగ్, గురుస్వామీ. నో ఫెల్లింగ్ అన్నాను. చెట్లు కొట్టనివ్వొద్దని."

గురుస్వామి మీసాలు రెండూ ఒకేసారి కిందికి వాలాయి. పడిపోయిన మానుల వేలంలో ఫాలెన్, ఫాలెన్ అని విని విని నేర్చుకున్న ఇంగ్లీషు అతనిది. ఆ ఒక్క మాటకు ఊరు ఊరంతా పస్తులుంది. మొదట నవ్వింది పిచ్చమ్మత్త. తర్వాత అందరూ నవ్వారు, దానమ్మ కళ్ళొత్తుకుంటూ నవ్వింది. రాలిన కట్టె ఎప్పటిలా ఏరుకోవచ్చని రేంజరుగారు అక్కడే అందరి ముందూ చెప్పారు.

సీమోనుకు మాత్రం తప్పలేదు. నిజం చెప్పినందుకు కేసు పెట్టడం లేదనీ, పర్మిషన్ పర్మిషనే కాబట్టి దాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ, రేపు మధ్యాహ్నం రైలుబండికి బయల్దేరమనీ రేంజరుగారు చెప్పారు. అడవిలోంచి ఒక్క పుల్ల కూడా వెంట పోకూడదన్నారు. సీమోను కాగితం ఇచ్చేశాడు.

* * *

మర్నాడు సామ్యేలు తన చేత్తోనే సారు పెట్టెలు ఎద్దులబండిలోకి ఎక్కించాడు. గాజుగొట్టాలు దాదాపు ఖాళీ. సీమోను అందరి దగ్గరా సెలవు తీసుకుని, చివరగా దానమ్మ ఇంటి పెరట్లోకి వచ్చాడు.

జీవరత్నానికి ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియని వాడు ఏ మొహం పెట్టుకుని పిల్లను అడుగుతాడు? అడక్కుండా బండెక్కితే ఇంకెప్పుడు అడుగుతాడు? ఆమె వసారాలో స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

దానమ్మ పెరట్లో పాత వేపమొద్దు మీద కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతోంది. "పోతున్నావా నాయనా" అంది.

పోతున్నానవ్వా అనబోయి సీమోను ఆగిపోయాడు. దానమ్మ చీరకుచ్చెళ్ళ పక్కన, మొద్దు బెరడు లేచిన చోట, రాగిరంగు చుక్క ఒకటి కదిలింది. జేబులోంచి భూతద్దం తీసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఒకటి కాదు. మొత్తం సంసారం. దొర బొమ్మలో గీయలేకపోయిన కాళ్ళన్నీ ఉన్నాయి వాటికి. పైగా ఇది పెరటి మొద్దు, అడవి పుల్ల కాదు.

ఇప్పుడు దానమ్మ వైపు నుంచి చూడండి. కుర్రాడు తన ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. తల వంచుకున్నాడు. వెనక వసారాలో మనవరాలు కళ్ళు వాచేలా ఏడ్చి ఉంది. ముసలామెకు ఇంకేం కావాలి? చేట పక్కన పెట్టి అతని తల మీద చెయ్యి వేసింది.

"అవ్వా" అన్నాడు సీమోను. "ఇది ఎప్పటి నుంచి ఇక్కడుంది?"

"మొదటి నుంచీ ఈడనే. యాడికి పోతాది?"

"ఎవరైనా అడిగారా?"

"ఇద్దరు ముగ్గురు అడిగినారు. నేనియ్యలేదు."

"మంచిపని చేశారు. నాకిస్తారా?"

దానమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. "నీకు గాక ఎవరికిస్తా? ఆ మాట ఎప్పుడడుగుతావా అనే చూస్తున్నా."

ఈ ముసలామెకు పురుగు సంగతి ముందే తెలుసా అని సీమోను ఆశ్చర్యపోయాడు. "ఈ బండికే మద్రాసు తీసుకుపోవచ్చా?"

"ఇంత తొందరేంది నాయనా. సరే, అయ్యగారితో చెప్పి జరగాల్సింది జరిపించి తీసుకుపో. మద్రాసులో ఉక్క ఎక్కువంట గదా, తట్టుకుంటాదా?" అయ్యగారంటే ఆమెకు చర్చి పాస్టరు, అతనికి రేంజరు.

"ఉక్క మంచిదే అవ్వా. ఎండ తగలకూడదంతే. నీడలో పెట్టి రోజూ కొంచెం నీళ్ళు చల్లుతా."

దానమ్మ చెయ్యి అతని తల మీద ఆగింది. "నీళ్ళు చల్లేదేంది?"

"ఆరిపోకుండా. మా దొరగారు చూస్తే ఎంత పొంగిపోతారో. దీని కోసమే ఇన్నేళ్ళుగా కాచుకుని ఉన్నారు."

"దొర ఎవరు?" దానమ్మ గొంతు మారింది. "దొరకెందుకు?"

"ఆయనకే కదవ్వా ఇవ్వాల్సింది. ముందు రంపంతో నడిమికి కోస్తారు. కోసి, లోపల ఏముందో..."

చేట ఎగిరి కొర్రలన్నీ నేలపాలయ్యాయి. దానమ్మ కేకకు సామ్యేలు బండి దగ్గర్నుంచి కర్ర పట్టుకుని వచ్చాడు. వసారాలో జీవరత్నం స్తంభం పట్టుకుని అలాగే నేల మీదికి జారి కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు ఎవరికీ తెలియలేదు.

"అవ్వా" అంది ఊపిరి తీసుకుని. "ఆయన అడిగేది నువ్వు కూర్చున్న మొద్దును. నన్ను కాదు."

సామ్యేలు కర్ర దించాడు. దానమ్మ మొద్దుకేసి చూసుకుని, మనవరాలికేసి చూసి, పాపం, ఎక్కడ చూడాలో తెలియక కొర్రలు ఏరడం మొదలుపెట్టింది. జీవరత్నం మొహంలో నవ్వు పోయింది. లేచి, "లేవండి సార్, బండికి టైమైతాంది. మొద్దు నాయన ఎక్కిస్తాడు" అంది.

సీమోను లేవలేదు. ఇప్పటిదాకా తనకు ఏం ఇచ్చారో, తను ఏం అడిగాడో అతనికి ఒక్కొక్క మాటే వెనక్కి తిరిగొస్తోంది. భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"అవ్వా, మొద్దు మాట అలా ఉంచండి" అన్నాడు. "ఇందాక మీరు ఇస్తానన్నది నాకు కావాలి. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. మా అమ్మ బాపట్ల నుంచి వచ్చి మర్యాదగా అడుగుతుంది. కానీ ఇప్పుడు అడక్కుండా నేను ఇక్కణ్ణించి లేవలేను."

"పేరు పెట్టి అడగండి" అంది జీవరత్నం వసారాలోంచి. "లేకుంటే మళ్ళీ మొద్దనుకుంటారు."

"జీవరత్నాన్ని నాకిస్తారా అవ్వా? సామ్యేలుగారూ, మీరు ఇస్తారా?"

తనను గారూ అని పిలిచినవాడు ఆ లైనులో ఇంతవరకూ లేడు. సామ్యేలు తువ్వాలు సర్దుకుని, నాకు ఒప్పుదలే సార్, మా అమ్మ మాటే నా మాట అన్నాడు. దానమ్మ కొర్రలు వదిలేసి లేచింది. ఒకసారి మోసపోయిన మనిషి కాబట్టి ఈసారి అన్నీ ఖాయం చేసుకోవాలనుకుంది. రంపం మాట ఇంకెన్నడూ ఎత్తనని అతని చేత చెప్పించుకుంది. ఆ తర్వాత మనవరాలికేసి తిరిగింది.

"ఏమ్మే, నీకిష్టమేనా? ఇప్పుడే చెప్పు."

దూరంగా రైలుబండి కూత వినపడింది. ఎవరూ కదల్లేదు. జీవరత్నం వసారా దిగి వచ్చి, మోకాళ్ళకు మట్టితో ఇంకా అలాగే కూర్చున్న ఆ మనిషికి చెయ్యి అందించింది.

"ఇష్టమే అవ్వా" అంది. "రోజూ నీళ్ళు చల్లకుంటే చాలు."